పై పెదవి కింద

పాప చెయ్యి చల్లగా ఉంది. ప్రమాదం నాకు మొదట తెలిసింది అక్కడే.

మే నెల మధ్యాహ్నం. మాది పై అంతస్తు కాబట్టి పొద్దుటి నుంచీ స్లాబు కాలుతూనే ఉంది. నేను వంటింట్లో చెమటలు తుడుచుకుంటూ బెండకాయలు తరుగుతున్నాను. పాప వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, ఇల్లు తిరుగుతుంది" అంది నవ్వుతూ. అంతకుముందు తమ్ముడితో గిరగిరా తిరిగే ఆట ఆడింది కదా అనుకుని నేను వెనక్కి కూడా చూడలేదు. "మరి గట్ల తిరిగితే తిరగదా? కూసో జరసేపు" అన్నాను. ఆ తర్వాత ఆ చెయ్యి సంగతి తెలిసింది. అప్పుడే కడిగి బోర్లించిన గాజు గ్లాసులా చల్లగా, తడిగా ఉంది. అంత ఎండలో ఆరేళ్ళ పిల్ల చెయ్యి అలా ఉండకూడదు.

తిరిగి చూశాను. పెదవులకు రంగు లేదు. నోటి మూల నుంచి లాలాజలం తీగలా సాగి గౌను మీద పడుతోంది. పాప దాన్ని తుడుచుకోవడం లేదు.

"నోట్ల ఏముంది?"

"మందు."

"ఏం మందు?"

"పన్ను మందు. నానమ్మ పెట్టింది."

పై పెదవి ఎత్తి చూశాను. పుచ్చిన పంటి పక్కన, చిగురుకు అతుక్కుని చిన్న తెల్ల సంచి. నా చిటికెన వేలి కొసంత ఉంటుంది. లాగితే వెచ్చగా, ఉబ్బి, తడిసి బయటికి వచ్చింది. అదేమిటో నాకు తెలుసు. అది మా ఫ్రిజ్ తలుపులో, పచ్చడి సీసా పక్కన ఉండే గుండ్రటి డబ్బాలోది.

ఆ డబ్బా మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా ఆయన నాచారం పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ మిషన్ల దగ్గర పనిచేస్తాడు. స్వీడన్ నుంచి కొత్త మిషన్ వచ్చింది. దాన్ని బిగించి నేర్పించడానికి ఆ దేశం నుంచే ఒక ఇంజనీరు వచ్చాడు. మా ఆయనకు ఖైనీ అలవాటు. అరచేతిలో పొగాకు, సున్నం వేసుకుని బొటనవేలితో నలిపి, చరిచి, దుమ్ము ఎగరగొట్టి కింది పెదవి వెనక పెట్టుకుంటాడు. ఒకరోజు అన్నాలప్పుడు ఆ ఇంజనీరు ఈ తతంగమంతా నిలబడి చూశాడట. చూసి, తన జేబులోంచి గుండ్రటి డబ్బా తీసి, అందులోంచి చిన్న తెల్ల సంచి ఒకటి తీసి, పై పెదవి కింద దూర్చుకుని నవ్వాడట.

ఆ రోజు మా ఆయన ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు. "మన లెక్కనే ఉన్నడే ఆయన గూడ! గంత పెద్ద ఇంజనీరు, గంత దూరంకెల్లి వచ్చిండు, జేబుల సూస్తే తంబాకు డబ్బా!"

"అయితే ఏంది, సుట్టాలైన్రా?" అంది మా అత్తమ్మ.

"అయినట్టే అమ్మా. పోయేటప్పుడు నాకు డబ్బాలు ఇచ్చి పోతా అన్నడు."

అన్నట్టే ఇచ్చి వెళ్ళాడు. దాని పేరు స్నూస్ అట. మా ఆయన బల్ల మీద డబ్బా పెట్టి మూత తిప్పితే లోపల పూల రేకుల్లా వరసగా పేర్చిన తెల్ల సంచులు. చిన్నపాటి టీ బ్యాగుల్లా ఉన్నాయి. పుదీనా వాసన, దాని కింద తడిసిన నేల వాసన. అసలు నన్ను ఆశ్చర్యపరిచింది మూత. దాని మీద ఇంకో చిన్న మూత ఉంది. అది తెరిస్తే లోతు తక్కువ గిన్నెలాంటి అర. వాడేసిన సంచిని అందులో వేసి మూసుకోవచ్చు, తర్వాత చెత్తబుట్ట కనిపించినప్పుడు పారేయవచ్చు. మా వీధి చివర గోడను, మా మెట్ల మూలలను ఒకసారి తలచుకున్నాను. వాడేసిన పొగాకుకు కూడా జేబులో ఒక గది కట్టిన మనుషులు ఎక్కడో ఉన్నారని తెలిసి చాలాసేపు ఆ మూత తెరిచి మూస్తూ కూర్చున్నాను.

తడి పొగాకు కాబట్టి చల్లగా ఉంచాలట. మా ఆయన డబ్బాలు తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెడుతుంటే మా అత్తమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

"తంబాకు ఫ్రిజ్‌ల వెడ్తర్రా? రేపు చెప్పులు గూడ వెడ్తవ్."

నేను డిగ్రీ చదివినదాన్ని. అంతకంటే ముఖ్యంగా, భయస్తురాలిని. ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో దాని గురించి చదువుతాను. స్నూస్ గురించీ చదివాను. ఆకును కాల్చరు, పొగబెట్టరు, పులియబెట్టరు. మెత్తగా రుబ్బి, నీళ్ళు, ఉప్పు కలిపి ఆవిరి మీద వేడి చేస్తారు. పూర్వం ఆ తడి పొడినే చిటికెడు తీసి ఉండ చేసి పెదవి కింద పెట్టుకునేవాళ్ళు, సంచులు తర్వాత వచ్చాయి. పెట్టుకున్నాక నమలరు, ఉమ్మరు. ఊరకే ఉంచుకుంటారు. చిగురు మీద చర్మం ఎంత పలుచనంటే ఆకులోని నికోటిన్ దానంతట అదే నెత్తురులోకి నడిచి వెళ్తుంది. సిగరెట్టు పొగ కంటే తక్కువ చెరుపు అని కొందరు, తక్కువ అంటే లేదని కాదు, పట్టుకుంటే వదలదు అని ఇంకొందరు. ఆ దేశంలో కొట్లో దొరికే వస్తువును చుట్టుపక్కల చాలా దేశాల్లో అమ్మనివ్వరట.

ఇదంతా చదువుతుంటే భయం కంటే ముందు వేరే ఏదో కలిగింది. మా అత్తమ్మ నాచారంలోనే పుట్టింది. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట అప్పుడు జొన్న చేలు. కలుపు తీసేటప్పుడు తోటి ఆడవాళ్ళతో కలిసి తంబాకు నలిపి దవడకు పెట్టుకోవడం నేర్చింది. మంచు కురిసే దేశంలో ఎవరో చేపలవాడు అదే ఆకును పెదవి కింద పెట్టుకోవడం నేర్చి ఉంటాడు. వీళ్ళకు వాళ్ళు తెలియదు, వాళ్ళకు వీళ్ళు తెలియదు. పెదవికీ చిగురుకూ మధ్య సందు ఉందని, అందులోంచి లోపలికి దారి ఉందని ఇద్దరికీ ఎవరు చెప్పారు? ఎదురుగా కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న మా అత్తమ్మ దవడ వైపు ఆ తర్వాత చాలాసార్లు చూశాను.

నిజం చెప్పాలంటే నాకు ఆ డబ్బాలు నచ్చాయి కూడా. మా ఆయన దగ్గర ఖైనీ వాసన పోయింది. వాష్‌బేసిన్ తెల్లగా ఉంది. ఆయన ఆ సంబరంలో వాళ్ళమ్మను కూడా మార్చాలని చూశాడు.

"అమ్మా, నువ్వు గా సున్నం తంబాకు బంద్ వెట్టి గిది వెట్టుకో. ఏం గాదు. మందు లెక్క సాఫ్ ఉంటది."

ఆమె ఒకటి పెట్టుకుని చూసి వెంటనే తీసేసింది. "థూ, ఉప్పగుంది. గింత మెత్తటిది నాకేడ ఆన్తదిరా? చిన్న పోరలకు వెట్టేటట్టుంది."

అందరం నవ్వాం.

మా అత్తమ్మ వాళ్ళ ఇళ్ళల్లో పన్ను నొస్తే తంబాకు పెడతారు. సున్నంతో నలిపింది చిటికెడు తీసి నొప్పి ఉన్న చోట అదుముతారు. పురుగు చస్తుందని నమ్మకం. తన పిల్లలకు పెట్టింది, తనకు వాళ్ళమ్మ పెట్టింది. పాపకు పై దవడ పన్ను పుచ్చింది. ముందురోజు నుంచీ నొప్పి. ఆదివారం కాబట్టి మర్నాడు డెంటిస్టు దగ్గరకు వెళ్దామనుకున్నాం. నేను బెండకాయలు తరుగుతున్నప్పుడు పాప వాళ్ళ నానమ్మ ఒళ్ళో పడుకుని ఏడిచిందట. ఆమె తన నడుముకున్న సంచిలోంచి తంబాకు తీసి, పాప నోరు చూసి, మళ్ళీ లోపల పెట్టేసిందట. లేచి హాల్లో ఉన్న ఫ్రిజ్ తెరిచిందట.

ఆ సంగతి ఆమె చెప్పేటప్పటికి పాప వంటింటి గట్టు కింద మోకాళ్ళ మీద ఉంది. పొద్దున తిన్నది, తాగినది అంతా బయటికి వస్తోంది. వాంతికీ వాంతికీ మధ్య వణుకుతోంది. నా అరుపుకు రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మా ఆయన లేచి వచ్చాడు, బాబును చంకనేసుకుని అత్తమ్మ వచ్చింది.

"నేనే వెట్టిన" అంది ఆమె. "పన్ను నొస్తుందంటే... నా తంబాకు వెట్టలే బిడ్డా, అది మంట వెడ్తది. గిదైతే మెత్తగుంటదని, పిల్లకు ఆన్తదని..."

ఆ మాట పూర్తయ్యే వరకు ఆగలేదు. సంచిని చున్నీ అంచులో మూట కట్టుకున్నాను. మా ఆయన డబ్బా తీసుకున్నాడు. ఇల్లు తాళం వేశామో లేదో గుర్తులేదు. సందు మొదట్లో ఆటో దొరికింది. అందరం ఎక్కాం.

నాచారం నుంచి ఉప్పల్ వరకు నాకు తెలియని రోడ్డు కాదు. ఆ రోజు ప్రతి స్పీడ్ బ్రేకరూ కొత్తగా మొలిచినట్టు అనిపించింది. పాప గుండె నా అరచేతి కింద కుట్టు మిషన్ సూదిలా కొట్టుకుంటోంది. కాసేపటికి కళ్ళు మూతలు పడసాగాయి.

"పండుకోకు. నా మొఖం సూడు. సూస్తున్నవా?"

"రెండు మమ్మీలు కనిపిస్తున్రు."

ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏం మింగింది అక్కా?" అన్నాడు.

"తంబాకు."

అతను ముందుకు తిరిగాడు. హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మెట్రో పిల్లర్ల కింద బస్సులు పక్కకు జరిగాయి.

పిల్లల ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీలో ఒక లేడీ డాక్టర్ ఉంది. పాపను పడుకోబెట్టి, ఛాతీకి తీగలు అతికించి, చేతికి సెలైన్ పెట్టించి, అప్పుడు అడిగింది. నేను చున్నీ ముడి విప్పాను.

"ఇదేంటి, టీ బ్యాగా?"

మా ఆయన డబ్బా ఇచ్చాడు. దాని మీద రాతలు ఆమెకూ అర్థం కాలేదు. "స్వీడన్‌ది మేడం. తంబాకే. పెదవి కింద పెట్టుకునేది. ఉమ్మే పని ఉండదు."

"ఉమ్మే పని ఉండదా?" ఆమె సంచిని గ్లవ్స్ వేసుకున్న వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "అదేనమ్మా వచ్చిన చిక్కు. మీ అత్తగారి పొగాకు పెట్టి ఉంటే నోరు మండి అప్పుడే ఉమ్మేసేదేమో. ఇది మండలేదు. పుదీనా వాసన. మందనుకుని చప్పరిస్తూ కూర్చుంది. కొంత చిగురు తాగింది, కొంత కడుపులోకి పోయింది. సంచి మింగలేదు, అది నయం. వాంతి చేసుకుంది, అదీ నయం."

"ప్రాణానికి...?" నేను అడగగలిగింది అంతే.

"ఇప్పుడే చెప్పను. గుండె, ఊపిరి చూస్తూ ఉందాం. సాయంత్రం వరకు ఇక్కడే."

ఆ సాయంత్రం వరకు నేను చూసింది మంచం పక్కన, పాప గుండె కొట్టుకోవడం చూపించే తెర మీద పచ్చటి గీతనే. నా వేలి కొసంత సంచి. అందులో కనిపించని ఏదో. అది పెదవి కింద నుంచి బయలుదేరి గుండెకు వెళ్ళింది, చేతులకు వెళ్ళి చల్లబరిచింది, కళ్ళకు వెళ్ళి నన్ను ఇద్దరిని చేసింది. దాన్ని ఎవరూ నడిపించలేదు. ఒక ఆకు, ఉప్పు, నీళ్ళు. అదే సమయంలో ఆరేళ్ళ ఒళ్ళు, ఇంకా పాలపళ్ళు కూడా పూర్తిగా ఊడని ఒళ్ళు, దాన్ని గుర్తుపట్టింది. ఎవరూ నేర్పకుండానే నోటినిండా నీళ్ళు ఊరించింది, కడుపును తిప్పింది, చేతనైన ప్రతి తలుపూ తెరిచి బయటికి తోసింది. నేను ఆ పిల్లను కన్నాను, ఒళ్ళు తోమాను, రోజూ జడలు వేస్తాను. లోపల ఇంత కాపలా ఉందని నాకు తెలియదు.

బయట వరండాలో మా ఆయన గొంతు పెరిగింది. పాప మంచం నుంచి తలుపు ఎంతో దూరం లేదు.

"పిల్లకు విషం వెడ్తవా అమ్మా? బుద్ధి ఉన్నదా నీకు?"

అత్తమ్మ బాబును ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. బాబు చెమట కొంగుతో తుడిచింది. తర్వాత మెల్లగా, "నువ్వే అంటివి గదరా, ఏం గాదని. మందు లెక్క అంటివి" అంది.

ఆయన తలుపు వైపు తిరిగాడు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. ఆయన పై పెదవి ఒక పక్క కొంచెం ఉబ్బుగా ఉంది. మా కంగారులో, ఆటో ఎక్కుతూనో దిగుతూనో, తెలియకుండానే ఒకటి పెట్టుకున్నట్టున్నాడు. లోపల మంచం మీద కూతురిని పడుకోబెట్టిన వస్తువే బయట తండ్రి నోట్లో నెమ్మదిగా ఊరుతోంది. ఆయనను అది పడుకోబెట్టలేదు, నిలబెట్టింది. నేను ఆ పెదవినే చూస్తూ ఉండిపోయాను. ఆయన నా చూపు ఎక్కడుందో కనిపెట్టి, చెయ్యి పెదవి మీదకు పోనిచ్చి, పక్కకు తిరిగి దాన్ని తీశాడు. తీసి గుప్పిట్లో పెట్టుకుని, ఎక్కడ పడేయాలో తెలియక వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు.

పాపకు రంగు ముందు చెవులకు వచ్చింది. నేను అనుకున్నట్టు బుగ్గలకు కాదు. చెవి తమ్మెలు గులాబీ రంగుకు తిరిగాయి, తర్వాత పెదవులు, తర్వాత గోళ్ళు. చెయ్యి వెచ్చబడింది. డాక్టర్ వచ్చి తెర చూసి, పొట్ట నొక్కి, "ఏం తింటావు?" అని అడిగింది.

"చిప్స్."

"ఆ పన్ను పుచ్చింది అందుకే" అంది డాక్టర్. నాకు నవ్వో ఏడుపో తెలియలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన ఫ్రిజ్‌లో డబ్బాలన్నీ తీసి, సంచులు చించి, కింద కట్టుబడి పని దగ్గర మిగిలిన సిమెంటులో కలిపి గట్టిపరిచాడు. కుక్కలు, పిల్లలు ముట్టుకోకూడదని. ఆయన అలవాటు మొత్తం మానేశాడని రాయలేను. ఇంట్లోకి తేవడం మానేశాడు. అత్తమ్మ ఎవరూ చెప్పకుండానే నడుముకున్న తంబాకు సంచి విప్పి, దేవుడి ఫొటోల పైన ఉండే అటక మీద పెట్టమని నాకిచ్చింది. ఆమె చెయ్యి అక్కడికి అందదు.

"నేనడిగితేనే తీసియ్యి" అంది. చిటికెన వేలి గోరు చూపించి, "గింతే ఉండె గదనే అది. నా గోరంత" అంది. ఆ మాటలో ఏడుపు లేదు. నాకు ఆసుపత్రిలో కలిగిన ఆశ్చర్యమే ఆమెకూ కలిగిందని తెలిసింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు, పాపను ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున ఎప్పటిలాగే ఆమె చాయ్ సాసర్‌లో పోసుకుని పిల్లలను పిలిచింది. బిస్కెట్ ముంచి ఒక్కొక్కరికి నోట్లో పెట్టడం వాళ్ళ ముగ్గురికీ రోజూ ఉండే పని. పాప దగ్గరకు వచ్చింది. బిస్కెట్ పెదవుల దాకా వచ్చింది. పాప నోరు గట్టిగా మూసుకుంది. అది చూసి మూడేళ్ళ తమ్ముడు కూడా రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మెత్తబడిన బిస్కెట్ విరిగి సాసర్‌లో పడింది. అత్తమ్మ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది.

"నానమ్మ విషం పెడ్తదా మమ్మీ?" అంది పాప. "డాడీ అన్నడు."

ఆసుపత్రిలో పిల్ల ప్రాణం దక్కింది. ఇక్కడ ఇంకొకటి పోయేలా ఉంది. పాపకు అబద్ధం చెప్పి అది విషం కాదంటే రేపు ఇంకెవరి డబ్బానో తెరుస్తుంది. అది విషమే అని ఊరుకుంటే వాళ్ళ నానమ్మ చెయ్యి ఎప్పటికీ విషమే అవుతుంది. పిల్లలిద్దరినీ నా ముందు కూర్చోబెట్టుకున్నాను.

"అది విషమే" అన్నాను. "డాడీ చెప్పింది నిజమే. గాని నానమ్మకు అది విషమని తెల్వది. నీకు మంట పెట్టొద్దని తన తంబాకు గూడ లోపల పెట్టేసుకుంది. మెత్తటిది ఏదని ఎతికింది. నీ నొప్పి పోవాలె, అంతే ఆమెకు."

పాప ఆలోచించింది. "మరి డాడీ రోజూ పెట్టుకుంటడు గదా. డాడీకేం కాలే?"

మా ఆయన గుమ్మం దగ్గర టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడకుండా చెప్పాను.

"మొదటిసారి డాడీకి గూడ ఇల్లు తిరిగే ఉంటది. డాడీ ఒళ్ళు గూడ వద్దని చెప్పే ఉంటది. డాడీ వినలే. మళ్ళ మళ్ళ పెట్టుకుంటే ఒళ్ళు చెప్పి చెప్పి ఊకుంది. నీ ఒళ్ళు మస్తు గట్టిగ చెప్పింది, నువ్వు నా దగ్గరికొచ్చినవ్. గందుకే బతికినవ్. ఇగ సూడున్రి ఇద్దరు. మందని ఎవరు నోట్ల పెట్టినా ఏందది అని అడుగున్రి. తల తిరిగినా, కడుపుల తిప్పినా నా దగ్గరికి ఉరికి రాన్రి. ఒకవేళ నేను పెట్టినప్పుడే గట్లయితే, నన్ను అడగకున్రి. పోయి నానమ్మకు చెప్పున్రి."